ఆరు సెకన్లు చాలవు: చప్పుళ్లలో ఉద్వేగాలు వెతికేవాళ్లకు తలకిందుల సలహాలు

మా మేనత్తగారింట్లో కొత్త కోడలు ఒక పొద్దున్నే పెరట్లోకి పరుగెత్తి, నూతి పక్కన వంగి, భళ్లున కక్కుకుంది. వంటింట్లో చింతపండు పిసుకుతున్న అత్తయ్య చెయ్యి ఆగిపోయింది. ఇంకో ఓకరింత వినబడింది. అత్తయ్య చెయ్యి కూడా కడుక్కోకుండా వీధి అరుగు దాకా వెళ్లి, పేపరు చదువుకుంటున్న మావయ్యతో "ఏవండీ, ఒక్కసారి లోపలికి రండి" అంది. ఆ గొంతులో అంత సంబరం అంతకుముందు నేనెప్పుడూ వినలేదు. పిల్లకి నెల తప్పిందని ఇంట్లో ఎవరూ నోటితో చెప్పలేదు. చెప్పింది ఆ చప్పుడే.

2007లో ఇంగ్లండులోని సాల్ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ధ్వనిశాస్త్ర ఆచార్యుడు ట్రెవర్ కాక్స్ ఇంటర్నెట్‌లో కొన్ని చప్పుళ్లు పెట్టి, వీటిలో భరించలేనిది ఏదో చెప్పమని జనాన్ని అడిగాడు. పది లక్షలకు పైగా ఓట్లు వచ్చాయి. అన్నిటికంటే ఘోరమైన చప్పుడుగా తేలింది వాంతి. ఆ ఫలితం చదివిన రోజు నాకు అత్తయ్య మొహమే కళ్లముందు కదిలింది. పది లక్షల ఓట్లు అబద్ధం కావు. అత్తయ్య సంబరమూ అబద్ధం కాదు. రెండూ పట్టే పద్ధతి ఒకటి కావాలని అప్పటి నుంచి వెతుకుతున్నాను.

కాలేజీలో ముప్పై ఏళ్లు సైకాలజీ చెప్పి రిటైరయ్యాను. రోజువారీ చప్పుళ్లు ఏయే ఉద్వేగాలు మోస్తాయో తేల్చాలనుకునే పరిశోధక విద్యార్థులు ఇప్పటికీ నా దగ్గరికి వస్తుంటారు. వాళ్లకి నేను చెప్పేవన్నీ పాఠ్యపుస్తకానికి ఎదురు. వీటిని పాటించి రాసిన థీసిస్‌ని గైడు వెనక్కి పంపొచ్చు, పరిశోధన పత్రికలు తిప్పికొట్టొచ్చు. ఆ సంగతి తెలిసే చెబుతున్నాను.

మొట్టమొదట, బయటి దేశపు చప్పుళ్ల పెట్టె తెరవకండి. ఈ రంగంలో అందరూ వాడే సేకరణ ఒకటుంది. ఇంటర్నేషనల్ అఫెక్టివ్ డిజిటైజ్డ్ సౌండ్స్ అంటారు, పొట్టిగా ఐఏడీఎస్. ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో మార్గరెట్ బ్రాడ్లీ, పీటర్ లాంగ్ తయారుచేశారు. 2007 నాటి రెండో కూర్పులో 167 చప్పుళ్లున్నాయి, ఒక్కొక్కటి 6 సెకన్లు. వినేవాళ్ల ముందు చిన్న మనిషి బొమ్మల వరసలు పెడతారు. ఒక వరసలో ఆ మనిషి నవ్వుమొహం నుంచి ఏడుపుమొహానికి మారుతాడు. ఇంకో వరసలో గుండె అదురుతున్నవాడు నిద్రమొహంగాడైపోతాడు. మూడో వరసలో చిన్నవాడు పెద్దవాడవుతాడు. ఎంత హాయిగా ఉంది, ఎంత అలజడిగా ఉంది, ఎంతవరకు మన చేతిలో ఉన్నట్టుంది అన్న మూడింటినీ 9 మెట్ల మీద గుర్తు పెట్టమంటారు. 2008లో ఇండియానా విశ్వవిద్యాలయం నుంచి ర్యాన్ స్టీవెన్‌సన్, థామస్ జేమ్స్ ఇంకో అడుగు వేశారు. 111 చప్పుళ్లను సంతోషం, విచారం, భయం, అసహ్యం, కోపం అనే అయిదు ఉద్వేగాల కింద విడివిడిగా తూయించారు. 2018లో ఇదే దారిలో 935 చప్పుళ్ల సేకరణ వచ్చింది.

ఎంతో ఓపికతో చేసిన పని, చేసినవాళ్ల మీద నాకు గౌరవం ఉంది. అయినా ఆ పెట్టెను మన ఊళ్లోకి తేకండి. అందులో రోలర్ కోస్టర్ చప్పుడు ఒకటుంది. మా దగ్గర చదివిన ఒక అమ్మాయి దాన్ని మా పెద్దమ్మకి వినిపించింది. పెద్దమ్మ పుట్టి బుద్ధెరిగి రోలర్ కోస్టర్ చూడలేదు. హెడ్‌ఫోన్ లాగేసి "ఎవరి కొంప అంటుకుందే? నీళ్లు పోసేవాళ్లే లేరా?" అని లేచి నిలబడింది. వాళ్లు సరదాకి అరుస్తున్నారు పెద్దమ్మా అని నేను ఎంత చెప్పినా చాలాసేపు నమ్మలేదు. అమ్మాయి మాత్రం కాగితం మీద 'భయం' అని రాసుకుంది. పెద్దమ్మ కళ్లలో నేను చూసింది భయం కాదు. బిందె పట్టుకుని పరిగెత్తాలన్న ఆత్రం. మన అలంకారికులు దయావీరమని దానికొక పేరే పెట్టారు. అయిదు గళ్ల కాగితంలో ఆ గడి లేదు.

అందుకే రెండో మాట: చప్పుడు ఎక్కడిదో, ఎవరిదో ముందే చెప్పేయండి. ముందే చెబితే వినేవాళ్ల మనసు ఒకవైపు మొగ్గుతుందని పుస్తకం భయపడుతుంది. మొగ్గనివ్వండి. బతుకులో ఎవరూ ఊరూ పేరూ లేని చప్పుడు వినరు. గిన్నె పడ్డ చప్పుడు వినగానే మన చెవి ముందు అడిగేది "ఎవరు పడేశారు?" అని. పిల్లి అయితే విసుగు, మూడేళ్ల మనవడైతే కంగారు, అలిగిన కోడలైతే ఇంకోటి. ఎక్కడిదో తెలియకుండా వినబడితే అది వేరే జాతి చప్పుడు, తెలుగులో దానికి అలికిడి అని వేరే పేరుంది. మీరు పేరు దాచి వినిపించే ప్రతి చప్పుడూ అలికిడి అయిపోతుంది. తర్వాత మీ పట్టికలో అన్నిటా కాస్తంత భయం కనబడుతుంది. ఆ భయం చప్పుడుది కాదు, మీ గదిది.

గది అన్నాను కాబట్టి ఆ ముక్క కూడా చెప్పేస్తాను. మెత్తలు అతికించిన నిశ్శబ్దపు గది వద్దు. వసారాలో కూర్చోబెట్టండి, ఫ్యాను తిరగనివ్వండి, వీధిలో కూరగాయల బండి వెళ్తే వెళ్లనివ్వండి.

ఇప్పుడు అసలు తగువు దగ్గరికి వద్దాం. ఆరు సెకన్లు.

కుక్కర్ విజిల్ తీసుకోండి. ఆరు సెకన్ల ముక్కగా కోస్తే అది ఉత్త ఆవిరి కూత. కాస్త కీచుగా, కాస్త బెదురుగా ఉంటుందని రాసుకుంటారు. ఇంట్లో అది అలా వినబడదు. పప్పు పెట్టిన ఇల్లాలు మొదటి విజిల్‌ని విననట్టే ఉంటుంది, పక్క పొయ్యి మీద పోపు చూసుకుంటుంది. రెండోదానికి చెవి అటు పడుతుంది. మూడోదానికి "ఎవరైనా కాస్త స్టవ్ కట్టండర్రా" అని కేకేస్తుంది. ఎవరూ కదలరు. నాలుగోది వస్తుంది. ఆ నాలుగో విజిల్లో ఎంత కోపం ఉంటుందో పెళ్లయిన ఏ మగవాడినైనా అడగండి. పప్పు ముద్దవుతోందన్న కోపం అందులో కొంతే. మిగతాదంతా ఇంటిల్లిపాదికీ చెవులున్నా తన మాట ఎవరికీ వినబడలేదన్న కోపం. మొదటి విజిల్‌కీ నాలుగో విజిల్‌కీ ధ్వనిలో పిసరంత తేడా లేదు. కొలిచి చూశాను, ఒకే ఎత్తు, ఒకే పొడవు. తేడా అంతా లెక్కలో ఉంది. లెక్కకి పావుగంట కావాలి. అదే కూత హాస్టలు నుంచి సెలవులకి వచ్చిన కొడుక్కి ఇంకోలా చేరుతుంది. వాడు పక్క మీద దొర్లుతూ విజిళ్లు లెక్కపెట్టడు, ఇంటికి వచ్చానని నిమ్మళంగా కళ్లు మూసుకుంటాడు. కాబట్టి ముక్కలు కోయకండి. పావుగంట వినిపించండి. వినేవాళ్లు విసుక్కుంటే ఆ విసుగునీ రాసుకోండి.

అలాగే చప్పుళ్లన్నిటినీ ఒకే గట్టితనానికి తేకండి. ప్రయోగశాలలో అలా తేవడం మొదటి నియమం. గట్టిగా ఉన్న చప్పుడు అలజడిని దానంతటదే పెంచుతుంది కాబట్టి అన్నిటినీ సమం చేసి వినిపించమంటారు. లెక్కకి అది న్యాయమే. అయితే నాకు తెలిసిన ఒక ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు గేటు గడియ చప్పుడు మీద పెరిగారు. రాత్రి తండ్రి వచ్చే వేళకి అన్నం కంచాల ముందు కూర్చుని గడియ కోసం వినేవాళ్లు. గడియ నెమ్మదిగా లేచి నెమ్మదిగా పడితే ఆయన తాగలేదు. లేవడానికి రెండు మూడుసార్లు తడబడి, ఆ తర్వాత ఠంగుమని పడితే పెద్దపిల్ల చిన్నదాని కంచం తీసి లోపలి గదిలోకి తీసుకెళ్లేది. పెద్దపిల్ల ఇప్పుడు బ్యాంకులో ఆఫీసరు. గడియ ఎత్తడానికీ పడడానికీ మధ్య ఉన్న ఖాళీని తాను ఇప్పటికీ గుర్తుపడతానని చెప్పింది. ఆ రికార్డింగుని మీరు కంప్యూటర్లో సమం చేశారనుకోండి, ఠంగుమన్నది మెత్తబడుతుంది, ఆ పిల్ల బాల్యం చెరిగిపోతుంది. అదే గడియ మధ్యాహ్నం తల్లి స్కూలు నుంచి వస్తూ తీస్తే పిల్లలు చెప్పులు లేకుండా వాకిట్లోకి ఉరికేవాళ్లు. ఇనుము ఒకటే, గేటు ఒకటే. గట్టితనాన్ని చెరిపితే ఆ ఇంట్లో అమ్మా నాన్నా ఒకటైపోతారు.

ఇక కాగితం మీద గళ్ల సంగతి. అయిదు ఉద్వేగాలు చాలవు. భరతుడి నాట్యశాస్త్రం స్థాయిభావాలు ఎనిమిదని చెప్పింది: రతి, హాసం, శోకం, క్రోధం, ఉత్సాహం, భయం, జుగుప్స, విస్మయం. 2008 నాటి అయిదింటినీ దీని పక్కన పెట్టి చూడండి. సంతోషాన్ని హాసం దగ్గర పెడితే అయిదూ ఇందులో ఇమిడిపోతాయి. మిగిలిపోయినవి రతి, ఉత్సాహం, విస్మయం. పెద్దమ్మ బిందె ఆత్రం సరిగ్గా ఆ మిగిలిపోయిన ఉత్సాహంలోదే. నన్నడిగితే ఎనిమిదితోనూ ఆగొద్దు. అదే శాస్త్రంలో 33 సంచారి భావాలున్నాయి. శంక, త్రాసం, వ్రీడ, స్మృతి, దైన్యం, ఔత్సుక్యం, అసూయ. ఇవన్నీ వచ్చిపోయేవి, ఒకదాని మీద ఒకటి ఎక్కేవి. చప్పుడు కూడా అలాంటిదే, వచ్చిపోతుంది. గడియ తడబాటు పిల్లలకి శంక. ఠంగుమనగానే త్రాసం. నలభై ఏళ్ల తర్వాత అదే చప్పుడు ఇంకెవరి గేటు దగ్గరో వినబడితే స్మృతి.

33 గళ్ల కాగితం చూసి వినేవాళ్లు బెదిరిపోతారు, ఆ మాట నిజమే. అందుకని నా దగ్గర ఇంకో దారి ఉంది. నేను అన్నిటికంటే గట్టిగా నమ్మేది దీన్నే. అంకెలు అడగకండి, గళ్లు చూపించకండి. విన్న చప్పుడుని నోటితో చెప్పమనండి.

తెలుగువాడు చప్పుడుకి పేరు పెట్టేటప్పుడే తన మనసు అందులో కలిపేస్తాడు. జనం గుమిగూడిన మోత విని ఒకామె సందడి అంటుంది, ఇంకొకామె గోల అంటుంది, ఇంకొకామె రభస అంటుంది. మూడు మాటల్లో మూడు ఉద్వేగాలు, అడగక్కర్లేకుండానే బయటపడ్డాయి. ఆకుల మధ్య గాలి సవ్వడి. రోడ్డు మీద లారీల రొద. సముద్రానిది ఒకరికి హోరు, ఒకరికి ఘోష. తలుపు ఎలా పడిందని అడగండి. కిర్రుమందా, ఠక్కుమందా, ధబాలుమందా, ధడేలుమందా? ధడేలుమంది అన్నవాళ్ల మనసులో తలుపు వెనక కోపంగా ఉన్న మనిషొకరు నిలబడ్డారన్నమాట. నవ్వుకి కిలకిల ఉంది, పకపక ఉంది, ఇకఇక ఉంది. ఇకఇక అన్నవాళ్లకి ఆ నవ్వు నచ్చలేదు, అంతే.

ఏడుపు దగ్గర మన భాష ఎంత సూక్ష్మంగా విన్నదో చూడండి. గుక్కపట్టి ఏడ్చేది పసిబిడ్డ, ఊపిరి ఆగుతుందేమోనని తల్లికి ప్రాణం పోతుంది. వెక్కివెక్కి ఏడ్చేది ఏడుపు ఆపుకోవాలని చూసి ఓడిపోయినవాళ్లు. బోరుమన్నది అంతవరకు బిగబట్టుకున్నది ఒక్కసారి తెగినప్పుడు, ఎక్కువసార్లు మనవాళ్లెవరో కనబడగానే. ఘొల్లుమన్నది ఒక్కరు కాదు, ఇల్లంతా. శవం వాకిట్లోకి రాగానే వినబడేది అదే. ఇక బావురుమనడం ఉంది. పిల్లకి పెళ్లి చేసి పంపించి, బంధువులంతా వెళ్లిపోయాక మర్నాడు తల్లి ఏమంటుంది? "ఇల్లు బావురుమంటోంది." ఆ ఇంట్లో అప్పుడు చప్పుడు లేదు. చప్పుడు లేకపోవడాన్ని కూడా తెలుగు ఏడుపు చప్పుడుతోనే చెప్పింది. ఏ 9 మెట్ల కాగితం మీదైనా నిశ్శబ్దానికి మార్కులు వేయమని ఎవరైనా అడిగారా?

మన ఉద్వేగాలకే చప్పుళ్ల పేర్లున్నాయి. చిన్న మాటకి మనసు చివుక్కుమంటుంది. తలవని తలంపుగా ఆపద వస్తే గుండె గుభేలుమంటుంది. ఎదురుచూసింది రాకపోతే ప్రాణం ఉసూరుమంటుంది. గుండె ఝల్లుమనడం వేరు, దడదడలాడడం వేరు. చివుక్కుమన్నది అవమానానికీ బాధకీ మధ్యలో ఎక్కడో ఉంటుంది, దానికి సరిపోయే గడి అయిదింటిలోనూ లేదు, ఎనిమిదింటిలోనూ లేదు. చప్పుడు ఏ ఉద్వేగం మోస్తుందని మనం వెతుకుతుంటే ఈ భాష ఎప్పుడో ఉద్వేగం ఏ చప్పుడు చేస్తుందో రాసిపెట్టింది. భాషా శాస్త్రవేత్తలు దీన్ని గమనించకపోలేదు. మన దేశ భాషలన్నిటా ఇలాంటి ధ్వన్యనుకరణ మాటలు విస్తారంగా పెనవేసుకుని ఉన్నాయని 1969లో మర్రే ఎమెనో రాశారు. పేరి భాస్కరరావు 1977లో పుణె దక్కన్ కాలేజీ నుంచి తెలుగు ద్విరుక్తుల మీదా ధ్వన్యనుకరణ మాటల మీదా ఒక పుస్తకమే తెచ్చారు. సైకాలజీవాళ్లం మనమే ఆ అలమారు వైపు వెళ్లలేదు. పరీక్షకి స్కేలు కావాలని ఇంగ్లీషు బొమ్మల్ని జిరాక్సు తీయించుకున్నాం.

కాబట్టి టేపు పెట్టి, "ఇది ఎలా వినబడింది? మీ ఒంట్లో ఏమనిపించింది?" అని రెండే ప్రశ్నలు అడగండి. "ఒంట్లో" అని మరిచిపోకుండా అనండి. మీ అనుభూతి చెప్పండి అంటే మనవాళ్లు పరీక్ష రాస్తున్నట్టు బిగుసుకుపోతారు. ఒంట్లో అంటే గుండె ఝల్లుమంది, కడుపులో దేవింది, కాళ్లు పీకాయి అని తడుముకోకుండా చెబుతారు.

సగటు తీయకండి. దీని మీద నాకు తోటి అధ్యాపకులతో ఏళ్ల తరబడి వాదన నడిచింది. అర్ధరాత్రి రెండింటికి ఫోన్ మోగిన చప్పుడు ఇద్దరు తల్లులకి వినిపించారనుకోండి. ఒకామె కొడుకు అమెరికాలో ఉన్నాడు, వాడికి పగలు దొరికే తీరిక అప్పుడే కాబట్టి ఆ మోత కోసమే మెలకువగా ఉంటుంది. హాయి వరసలో 9 పెడుతుంది. ఇంకొకామెకి భర్త ప్రమాదం కబురు అలాంటి వేళ అలాంటి మోతతోనే వచ్చింది. 1 పెడుతుంది. సగటు 5. అంటే హాయీ కాదు, బాధా కాదు, మామూలు చప్పుడు. ఆ ఇద్దరిలో ఎవరికీ అది మామూలు చప్పుడు కాదు. మీ పట్టికలో ఉన్న ఆ 5 ఈ భూమ్మీద ఎవరూ పడని బాధ, ఎవరూ పొందని సంతోషం. దాన్ని అచ్చు వేయడం కంటే ఆ ఇద్దరి మాటలూ రెండు పేజీల్లో రాయడం మేలు. వందమందిని ఒక్కొక్క గంట కూర్చోబెట్టకుండా ఏడుగురిని ఏడాదిపాటు పట్టుకోండి. ఎండాకాలం ఒకసారి, వానాకాలం ఒకసారి, వాళ్లింట్లో పెళ్లి అయ్యాక ఒకసారి, చావు అయ్యాక ఒకసారి అదే చప్పుడు వినిపించండి. ఆ ఏడుగురూ మీకు తెలిసినవాళ్లైతే ఇంకా మంచిది. తెలియనివాడి ముందు గడియ చప్పుడు గురించి ఎవరు నోరు విప్పుతారు?

చప్పుడు మోసే ఉద్వేగం ఒక్క మనిషిలోనే కాదు, తరానికీ తరానికీ మధ్య కూడా మారిపోతుంది. డప్పు దీనికి సాక్షి. చావు దరువు వేరు, పెళ్లి దరువు వేరు, జాతరది వేరు. ఊళ్లో చెవి ఉన్న ప్రతివాడికీ నాలుగు దెబ్బలు వినగానే తెలిసిపోతుంది. ఒక డప్పు కళాకారుడితో కూర్చుని ఇదంతా రికార్డు చేసుకుంటున్నప్పుడు, చావు దరువు కొట్టేటప్పుడు మీకెలా ఉంటుందని అడిగాను. "మాకు ఆ పూట గింజలు వస్తయని ఉంటది సారు. మా నాయినను పిలిస్తే పోవాలె, పోకుంటే ఊళ్ల ఉండనియ్యరు. ఆయనకైతే ఆ సప్పుడు వింటెనే తల వంగేది" అన్నాడు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో పుట్టిన మాదిగల ఉద్యమం దండోరా అన్న మాటనే తన పేరు చేసుకుంది. చాటింపు వేయడానికి బలవంతంగా మోయించిన వాద్యం హక్కు అడిగే వాద్యమైంది. తెలంగాణ ఉద్యమ సభల్లో డప్పు మోగని వేదిక లేదు. ఆ కళాకారుడి కొడుకు డిగ్రీ చదువుతున్నాడు, కాలేజీ పోటీల్లో డప్పు కొడతాడు. అదే చర్మం, అదే సిర్ర, అదే చిటికెన పుల్ల. తాతకి తల వంపు, మనవడికి తల ఎత్తు. ఏ ఏడాది రికార్డు చేశారో, ఎవరి ఎదుట చేశారో రాయని డప్పు టేపు నాకు పనికిరాదు.

అన్ని చప్పుళ్లూ ఇలా బతుకుని బట్టే ఉంటాయని నేను అనను. కొన్ని ఒంటిలోనే ఉన్నాయి. 1986లో అమెరికాలో హాల్పర్న్, బ్లేక్, హిలెన్‌బ్రాండ్ మూడు పళ్ల తోట పనిముట్టుతో పలక మీద గీకి, ఆ చప్పుడులోంచి కీచు భాగాన్ని తీసేసి చూశారు. వినేవాళ్లకి బాధ తగ్గలేదు. 2012లో న్యూకాజిల్ పరిశోధకులు 2500 నుంచి 5500 హెర్ట్జ్ మధ్య శక్తి ఎక్కువున్న చప్పుళ్లు మనల్ని ఎక్కువ ఇబ్బంది పెడతాయని చూపించారు. బోర్డు మీద గోరు గీస్తే తెనాలిలోనూ టెక్సాస్‌లోనూ పళ్లు జివ్వుమంటాయి. వాటిని ప్రయోగశాలకే వదిలేయండి, ఆ పని వాళ్లు బాగా చేస్తున్నారు. తీతువు పిట్ట కూతకి మాత్రం టెక్సాస్‌లో ఎవరూ ఉలిక్కిపడరు. మన పల్లెలో రాత్రి పూట అది ఇంటి మీదుగా అరుస్తూ పోతే మంచంలో ఉన్న ముసలాయన వైపు అందరి చూపూ తిరుగుతుంది. కాకి అరిస్తే చుట్టాలొస్తారని గిద్దెడు బియ్యం ఎక్కువ పోస్తాం. మాట మధ్యలో బల్లి పలికితే సత్యమంటాం. పిట్టల, బల్లుల గొంతుల్లో లేని ఉద్వేగాన్ని నాయనమ్మలు వాటిలో పెట్టారు. సైకాలజీ చదివినవాళ్లు మూఢనమ్మకమని వీటిని లెక్కలోంచి తీసేస్తారు. తీసేయకండి. నమ్మకం తప్పు కావొచ్చు, ఆ ఇంట్లో గుండె గుభేలుమన్నది మాత్రం తప్పు కాదు.

చివరిది, దీనిలో మాత్రం నేను ఎవరితోనూ వాదించను. విన్నవాళ్లు ఏడిస్తే టేపు ఆపేయండి. దివిసీమ నుంచి వచ్చి మా ఊళ్లో స్థిరపడ్డ ఒక పెద్దాయనకి గాలి హోరు వినిపించాను. 1977 నవంబర్ 19న ఉప్పెన దివిసీమను ముంచినప్పుడు ఆయన ఎక్కడున్నాడో నాకు తెలియదు, అడగాలని కూడా తోచలేదు. పది సెకన్లు గడిచాయో లేదో ఆయన కుర్చీలోంచి లేచి, దూలం కోసమన్నట్టు పైకి చేతులు చాపాడు. ఆ ఉప్పెనలో ఆయన దూలం పట్టుకుని బతికాడు. పట్టుకోలేకపోయినవాళ్లు ఆ ఇంట్లో నలుగురు. టేపు కట్టేసి, ఆయన చేయి పట్టుకుని చీకటి పడేదాకా కూర్చున్నాను. ఆ రోజు కాగితం ఖాళీగా ఉంది. దాన్ని అలాగే ఫైల్లో పెట్టాను. అడగకుండా వినిపించడం నా తప్పు. ముందు మనిషి కథ తెలుసుకుని, తర్వాతే చప్పుడు తీయండి. వినేవాళ్ల గతం తెలియకూడదన్న నియమం ఉన్న చోట నేనిక పని చేయలేను.

ఈ సలహాలు విని ఎవరైనా మొదలుపెడితే, ముందు తిరగలితో మొదలుపెట్టండి. రోకలి చప్పుడు, కవ్వం చప్పుడు, నూతి గిలక చప్పుడు కొన్ని ఇళ్లలో ఇంకా ఉన్నాయి, వాటితో పెరిగిన చెవులు ఇంకా ఉన్నాయి. పదేళ్లు ఆగితే టేపు దొరకొచ్చు గానీ, అది వినగానే "మా అమ్మ" అనే మనిషి దొరకదు. మీ ఇంట్లో తిరగలి అటక మీద ఉంటే ఈ ఆదివారం కిందికి దించండి. తిప్పడం తెలిసిన చేతులతో తిప్పించండి. ఫోను పక్కన పెట్టి మొదటి గింజ నుంచి చివరి గింజ దాకా రికార్డు చేయండి. మధ్యలో ఆమె ఏం మాట్లాడినా, నవ్వినా, ఊరికే ఆగిపోయినా ఒక్క సెకను కూడా కోయకండి.